కూర్చుని తిట్టాల్సిన తిట్టు

ఫ్రీమాంట్,
ఫిబ్రవరి, శివరాత్రి వెళ్ళిన మర్నాడు

కోటయ్య బావకి,

బాగున్నావా అని అడగను. నువ్వు బాగుంటే నీ చుట్టుపక్కలవాళ్ళు బాగుండరు కాబట్టి వాళ్ళ క్షేమం కోరుతున్నాను.

ఫోన్లుండగా ఈ కాగితం ఏమిటని ఇకిలించకు. నాకొచ్చే మెసేజులన్నీ ఇంట్లో ఐప్యాడ్‌లోనూ కనిపిస్తాయి. మొన్న ఒకటి హాల్లో టీవీ మీద కూడా ప్రత్యక్షమైంది. ఫోన్లో మాట్లాడదామంటే నిధికి తెలుగు అర్థమవుతుంది. చదవడం మాత్రం రాదు. ఆదివారం తెలుగు బడికి ఏళ్ళ తరబడి తిప్పితే 'అ' దగ్గర ఎక్కి 'అమ్మ' దగ్గర దిగిపోయింది. నా కూతురు తెరవలేని తాళం ఈ ఇంట్లో ఇదొక్కటే.

విషయం ఏమిటంటే, నిధి పెళ్ళి చేసుకుంటానంటోంది. శాంటా క్లారాలో తన ఆఫీస్‌లోనే పని, పేరు మాక్సిమ్, రష్యన్ల అబ్బాయి. వాడి మీద నాకేం కోపం లేదు. చెప్పకుండానే చెప్పులు బయట విప్పాడు, గోంగూర మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. బాధంతా వాళ్ళమ్మతో. గలీనా అని, శాక్రమెంటోలో ఉంటుంది. భర్త పోయాడు. ఇంగ్లీష్ అంతంతమాత్రం. పోయిన శనివారం భోజనానికి పిలిచాం. పూలు తెచ్చింది, లెక్కపెడితే ఏడు! డజను కొనడానికి చెయ్యి రాలేదు మహాతల్లికి. గుత్తి వంకాయ, పులిహోర, కోడి వేపుడు, గారెలు, అన్నీ నేనే చేశాను. నడుం విరిగేలా వడ్డించాను. ఆవిడ సగం తిని ఫోర్కు పక్కన పెట్టి, నన్ను కిందనుంచి పైదాకా చూసి, కొడుకుతో ఒక ముక్క అంది. కారెక్కేముందు మళ్ళీ అదే అంది. వాడి ముఖం ఎర్రబడింది. నిధిని అడిగితే "నథింగ్ అమ్మా, షి ఈజ్ జస్ట్ టైర్డ్" అంటుంది. నేనేమన్నా గడ్డి తింటున్నానా?

తెలుగు అక్షరాల్లో పట్టని కూత లేదు కాబట్టి విన్నది విన్నట్టు రాసి పెట్టుకున్నాను: "అనా స్నామి నె యేస్త్." ఫోన్‌కి చెప్పి చూశాను. దానికి నా యాస ఎక్కక దగ్గర్లో ఉన్న పిజ్జా షాపులు చూపించింది. ఇక్కడ రష్యన్ వాళ్ళనెవర్నీ అడగను. అడిగితే శాక్రమెంటో దాకా పాకుతుంది.

నువ్వు ఎలాగూ రోజంతా వ్యాన్‌లో ఖాళీ బుర్రతో తిరుగుతావు. ఆ భాష నేర్చుకుని ఆవిడ నన్నేం తిట్టిందో చెప్పు. నిధి తేల్చి చెప్పేసింది: "మీ మదర్స్ ఇద్దరూ ఇంకోసారి ఇలా చేస్తే మేం కోర్ట్‌కెళ్ళి సైన్ చేసి మీకు ఫోటో పంపిస్తాం" అని. ఒక్కగానొక్క కూతురి పెళ్ళి నేను ఫోన్లో చూడాలా బావా?

దమయంతి


జెర్సీ సిటీ,
మార్చి, మంచు కరిగి బురద మిగిలిన రోజు

మరదలు దమయంతికి,

ఇంటర్ ఇంగ్లీష్ పేపర్‌ని మూడుసార్లు పలకరించినవాణ్ణి నేను. నాకు రష్యన్ పురమాయించావంటే మీ ఫ్రీమాంట్‌లో బుద్ధిమంతులకి ఎంత కరువొచ్చిందో అర్థమైంది. కోట్ల ఖరీదు కొంపలు, లోపల ఒక్కడికీ పనికొచ్చే ముక్క రాదు. సరే, ఒప్పుకున్నాను. తిట్టు ఎవరిదైనా నేను వదులుకోను.

లైబ్రరీలో ఒక పుస్తకం, సీడీల డబ్బా దొరికాయి. పుస్తకం నీ పెళ్ళినాటిది. అందులో ఇవాన్ ఇంజనీరు, తమారా డాక్టరు. ఇద్దరూ పొద్దస్తమానం "ఇది బల్లా? అవును, ఇది బల్ల" అని చెప్పుకుంటుంటారు. ఇంజనీర్‌కి బల్లేదో తెలియని దేశం రాకెట్లు ఎలా ఎగరేసిందో! ఇక అక్షరాలంటావా, తాగి బోర్డు రాసినవాడు పొద్దున లేచి దిద్దుకోలేదంతే. H ని న అనాలి, P ని ర అనాలి. R ని తిరగేసి యా అనాలట.

మా కిరాణా స్టోర్ వ్యాన్ ముసలిది కాబట్టి సీడీలు పాడుతుంది. వెనక కరివేపాకు డబ్బాలు, ముందు నేను, మధ్యలో ఒక పెద్దమనిషి గొంతు: "వినండి... ఇప్పుడు మీరు చెప్పండి." చెప్తే "చాలా బాగుంది" అంటాడు. నేను నోరు మూసుకున్నా "చాలా బాగుంది" అనే అంటాడు. మా సంఘం మీటింగుల్లో అధ్యక్షుల వారిని చూసి నేర్చుకున్నట్టున్నాడు.

వారం కిందట "మీ వీసాలో ప్రాబ్లం ఉంది, అరెస్ట్ చేస్తాం" అని దొంగ ఫోన్ వచ్చింది. మొదటి పాఠం మొత్తం అప్పజెప్పాను. "ఇది బల్లా?" అని రష్యన్‌లో గద్దించేసరికి వాడే సారీ చెప్పి పెట్టేశాడు. మా మేనేజర్ సృజన్‌ని గోడౌన్‌లో పప్పు బస్తాల మధ్య నిలబెట్టి రష్యన్‌లోనే రాయబార కార్యాలయానికి దారి అడిగాను. ఎమ్బీయే చదివిన కుర్రాడు, బీపీ చూపించుకోమని నాకు ఆఫ్ ఇచ్చాడు. ఇంత లాభం ఉంటుందని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేవాణ్ణి.

నీ "స్నామి" ఇంకా తగల్లేదు. ఓపిక పట్టు. ఏడు పూల సంగతి మాత్రం తేలింది. వాళ్ళు సరి సంఖ్య పూలు శవం దగ్గర పెడతారట. డజను తెచ్చుంటే నిన్ను పాడె ఎక్కించినట్టు. ఏం చేద్దాం, ఆవిడ ఆ అవకాశం వదులుకుంది.

నీ బావ


ఫ్రీమాంట్,
మార్చి నెలాఖరు

బావకి,

నీ ఉత్తరం నిధి చేతికే అందింది. "వాటీజ్ దిస్, లవ్ లెటరా?" అంది. పెళ్ళి సంబంధాలు చూసే పంతులుగారు రాశారని చెప్పాను. నిన్ను పంతులుగారన్నందుకు నోరు పుక్కిలించుకున్నాను.

నేను అడిగిందొకటి, నువ్వు రాసిందొకటి. బల్లలూ రాకెట్లూ నాకెందుకు? పూల సంగతి మాత్రం... సరే, అది పోనీ. ఏడు పూలకే క్షమించేస్తాననుకోకు.

ఇక్కడ విడ్డూరాలకేం లోటు లేదు. ఈ మధ్య పొద్దున వాకింగ్‌లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తున్నాను, విష్ణు సహస్రనామం వింటున్నానని ఇంట్లో చెప్పాను. మా ఆయన "భక్తి పెరిగిందే" అని నవ్వుతాడు. ఆయన నవ్వడం తప్ప ఇంకేం చేశాడు గనక! ఆ రోజు గలీనా ఎదురుగా కూర్చుని గారెలు నములుతూ ఉన్నాడంతే. నన్ను అంత మాట అంటే చెవిన పడలేదట. పడినా అర్థం కాదట. అర్థం కాకపోతే కోపం రాకూడదా?

తిట్టు తేల్చు. త్వరగా.

దమయంతి


జెర్సీ సిటీ,
ఏప్రిల్, ఉగాది పచ్చడి నా ఒక్కడి వంతుకే చేదొచ్చిన వారం

దమయంతీ,

నీ తొందరకి నా నాలుక మెలికపడి, కూరల డెలివరీకి వెళ్ళి ఒక గుజరాతీ ముసలమ్మకి రష్యన్‌లో శుభోదయం చెప్పాను. ఆవిడ తిరిగి జైశ్రీకృష్ణ అంది. ఆ మాత్రం సంస్కారం మీ ఇంట్లో ఎవరికీ లేదు.

మా వీధి చివర సెలూన్‌లో ఒక రష్యన్ ముసలాయన ఉన్నాడు. ఆ మధ్య వెళ్ళి పుస్తకం భాషలో "నాకు నిమ్మకాయ వేసిన టీ కావాలి" అన్నాను. నాకప్పటికి అదే వచ్చు. కత్తెర ఆపి లోపలికెళ్ళి నిజంగా టీ పట్టుకొచ్చాడు. తర్వాత జుట్టెలా కావాలో చెప్పడం రాక నోరు మూసుకున్నాను. ఫలితం నా నెత్తి మీదుంది. రాగిణి రోజూ చూసి "ఈ భాష నేర్చుకోవడం వల్ల నీకు ఒరిగింది ఇదేనా" అంటోంది. పెళ్ళాం వెటకారం వేరే భాష నుంచి అనువదించుకోనక్కర్లేదు కదా, సూటిగా తగులుతుంది.

ఇప్పుడు ఐదో పాఠంలో పడ్డాను. ఇవానూ తమారా హోటల్‌కి వెళ్ళారు. అక్కడ సూపు తాగడానికే రెండు సీడీలు పట్టేలా ఉంది.

నీ ముక్క ఇంకా అందలేదు. ఒక అనుమానం మాత్రం ఉంది, దానికో జవాబివ్వు. ఆ శనివారం నువ్వెక్కడ కూర్చున్నావు? ఆవిడ పక్కనా, ఎదురుగానా? తిట్టు ఏ వైపునుంచి వచ్చిందో తెలిస్తే అర్థం పట్టుకోవడం సులువు. ఇది శాస్త్రం, నీకు తెలియదు.

నీ బావ


ఫ్రీమాంట్,
ఏప్రిల్ చివర

బావకి,

కూర్చోవడమేమిటి? నేను కూర్చుంటే వడ్డించేదెవరు, నువ్వా? అతిథులు తింటుండగా ఇంటావిడ కంచం ముందేసుకుని కూర్చుంటుందా? అందరూ లేచాక నేను వంటింట్లో తిన్నాను. ఆవిడ మధ్యమధ్య కుర్చీ చూపించి ఏదో అంటే, ఇంకా వడ్డించమంటోందేమోనని మరో గారె వేశాను. తినలేనట్టు చేతులడ్డం పెట్టినా వేశాను. మన మర్యాద మనం తప్పకూడదు. అంత చేయించుకుని తిట్టిపోయిందా!

మే మూడో శనివారం మళ్ళీ వస్తోంది. నిధి తెచ్చిన ఆఖరి ముహూర్తం ఇది. "బిహేవ్ ప్లీజ్" అంది కన్నకూతురు. నేను పరీక్ష రాయాలన్నమాట.

నాకు అర్థం చెప్పలేకపోయావు. కనీసం ఒక గట్టి తిట్టు నేర్పు. ఆవిడ భాషలోనే, ఆవిడ ముఖం మీదే, ఒకే ఒక్క వాక్యం. ఒక్కసారి అనేసి ఊరుకుంటాను, తర్వాత పెళ్ళికి నవ్వుతూ తలంబ్రాలు పోస్తాను. అనకపోతే నాకు నిద్ర పట్టదు. నీ బతుకులో ఇన్నాళ్ళకి ఒక మంచి పని చెయ్యి.

దమయంతి


జెర్సీ సిటీ,
మే, మొదటి ఎండ

దమయంతీ,

తిట్టు తయారైంది. సెలూన్ ముసలాయన ముందు అప్పజెప్పి మరీ సరిచూసుకున్నాను. విని కళ్ళు ఒత్తుకున్నాడు. అంత ఘాటుదన్నమాట. నోట్ చేసుకో:

"యా ఖచూ యేస్త్ స్వామి."

చివర స్వామి అని వచ్చిందని భక్తి తెచ్చుకోకు. అర్థం ఇక్కడ రాయను. ఆడవాళ్ళు చదవదగ్గది కాదు. వాళ్ళ దేశంలో ఇది విన్నాక కత్తులు తీస్తారట.

అనే పద్ధతి ముఖ్యం, జాగ్రత్తగా విను. ఇది నుంచుని తిడితే బలం ఉండదు. ఆవిడకి వడ్డించగానే గరిటె కింద పెట్టు. కుర్చీ బరబరా లాగి ఆవిడ ఎదురుగా ధబీమని కూర్చో. కళ్ళలోకి సూటిగా చూసి, ఒక్కో మాటా నొక్కి అను. ఆ తర్వాత అసలు దెబ్బ: నీ కంచంలో అన్నం పెట్టుకుని, ఆవిడ చూస్తుండగా ఒక ముద్ద తిను. తిట్టి, లేవకుండా ఎదుటే తినడం వాళ్ళలో పరమ అవమానం. ఆవిడ తిన్నంతసేపూ నువ్వూ తింటూనే ఉండు. మధ్యలో లేచావంటే తిట్టు వెనక్కి తీసుకున్నట్టే.

నువ్వు లేస్తావని నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగాక నిన్ను కంచం ముందు కుదురుగా చూసినవాడు లేడు. చెయ్యలేకపోతే ఇప్పుడే చెప్పు, చేతకానివాళ్ళ కోసం ఇంకో తేలిక తిట్టు ఒకటుంది.

నీ బావ


ఫ్రీమాంట్,
మే, ఆ శనివారం తర్వాతి సోమవారం

కోటయ్య బావకి,

నువ్వు చెప్పినట్టే చేశాను.

గలీనా వచ్చింది. ఈసారి ఐదు పూలు. అవి కాక గిన్నె నిండా ఒక వంటకం పట్టుకొచ్చింది. బీట్‌రూట్ దుప్పటి కప్పుకుని పడుకున్న ఉప్పు చేప. దాన్ని కూడా బల్ల మీద పెట్టాను. వడ్డించాను. గరిటె కింద పెట్టాను. కుర్చీ లాగిన చప్పుడుకి మా ఆయన ఉలిక్కిపడి నీళ్ళు ఒలకబోశారు. కూర్చున్నాను. కళ్ళలోకి చూసి అన్నాను. నిధి "అమ్మా!" అని నోరు తెరిచి, మూయడం మర్చిపోయింది.

ఇంతదాకా చదివి పళ్ళికిలిస్తున్నావు కదూ? ఆగు.

పెళ్ళిళ్ళలో నీ వెధవ్వేషాలు నాకు తెలియవా? నా పెళ్ళిలో మగపెళ్ళివారి మైసూర్ పాకుల్లో సబ్బు ముక్కలు కలిపిన చెయ్యి నీది. ఆయన ఇప్పటికీ మైసూర్ పాక్ వాసన చూసి గానీ నోట్లో పెట్టుకోరు. అలాంటివాడు చెప్పే అర్థాన్ని నమ్ముతానా? నీకు మొదటి ఉత్తరం పోస్ట్ చేసి అట్నుంచి అటే లైబ్రరీకి వెళ్ళాను. వాకింగ్‌లో నా చెవుల్లో ఉన్నది విష్ణు సహస్రనామం కాదు, నీ ఇవానూ తమారాలే. "చాలా బాగుంది" అనే ఆ సన్నాసి నాతోనూ అదే అన్నాడు. నువ్వు తిట్టు పంపేసరికి నేను ఐదో పాఠం దాటాను. నీ తిట్టులో యేస్త్ ఉంది, ఆవిడ అన్నదాంట్లోనూ యేస్త్ ఉంది. అది తినడమని కోడిపిల్లకి కూడా తెలుస్తుంది. నీ వాక్యం హోటల్లో తమారా అంటుంది: "నాకు మీతో కలిసి తినాలని ఉంది." గలీనా అన్నది: "ఆవిడ మనతో తినదు."

అర్థం తెలిసిన రోజు వాకింగ్ మధ్యలోనే ఆపేశాను. పార్కు బెంచీ మీద కూర్చుండిపోయాను. మూడు గంటలు నిలువుకాళ్ళ మీద వడ్డిస్తే నాకు దక్కింది ఇదా అని ముందు ఒళ్ళు మండింది. తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. మన ఇళ్ళలో ఎవరితో కూర్చుని తినేవాళ్ళం కాదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడకి తెలియకుండానే ఆ గాయం మీద వేలు పెట్టింది. ఆ రోజు నేను నుంచుంది మర్యాదకే. కానీ నుంచున్న మనిషిని చూసి ఎదుటివాళ్ళకి తెలిసేదెలా?

అందుకని నీ తిట్టు నీ పద్ధతిలోనే తిట్టాను. ముఖం మాత్రం కోపంగానే ఉంది, ఎందుకంటే అది నీ ఉత్తరంలోంచి వచ్చిన మాట కదా.

ఆవిడ ఫోర్కు వదిలేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, నా వంటింట్లోకి వెళ్ళి, నా కంచం తెచ్చి, నా వంకాయ కూర నాకే వడ్డించింది. నా ఇంట్లో! గుజ్జంతా నాకు పెట్టి తొడిమలు తనకి వేసుకుంది. తొడిమ తినరని చెప్పడానికి నాకు రష్యన్ రాలేదు, నమిలి మింగేసింది. మాక్సిమ్ చెప్పాడు, ఆ మొదటి రాత్రి శాక్రమెంటో దాకా కార్లో "మనం ముట్టుకుంటే వాళ్ళకి మైలా?" అని అడుగుతూనే ఉందట. నేను నాకొచ్చిన మూడు భాషల్లోనూ వివరించాను. విని ఆవిడ అన్న మాట వినడానికి నువ్వు లేకపోయావు. "నుంచుని వడ్డించేవాళ్ళకి హోటల్లో జీతమిస్తారు, ఇంట్లో ఎందుకు?" అంది. ఒళ్ళు మండింది గానీ లేవలేదు. లేస్తే నువ్వు గెలుస్తావు.

ఆ చేప రెండు ముద్దలు తిన్నాను. ఘోరం. ఆవిడకి నా పులిహోర పుల్లటి ఘోరం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసి అబద్ధం చెప్పుకోలేదు. తర్వాత వెడ్డింగ్ ప్లానర్‌గా వచ్చిన అదితి అనే పిల్ల టాబ్లెట్‌లో రంగులు చూపిస్తుంటే, అరిటాకు పక్కన పాలకూర రంగు గుడ్డలేమిటని ఇద్దరికీ ఒకేసారి కంపరం పుట్టింది. నిధి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "విడిగా ఉన్నప్పుడే బెటర్‌గా ఉన్నారు మీరు" అని వంటింట్లోకి పోయి ఏడ్చింది. సంతోషానికే. కోర్టు మాట మళ్ళీ ఎత్తలేదు. పెళ్ళి జూన్ చివర్లో, ఇక్కడే, మా ఇంటి పెరట్లోనే.

నీ సంగతంతా గలీనాకి చెప్పాను, సబ్బుతో సహా. చాలాసేపు నవ్వి, నీకోసం కింద ఒక వాక్యం రాసింది. ఇంత చదువుకున్నావు కాబట్టి నేను అర్థం చెప్పక్కర్లేదు.

దమయంతి


జెర్సీ సిటీ,
జూన్, ఉక్కపోత

దమయంతీ,

మోసం! పుస్తకంలో అచ్చు అక్షరాలు నేర్పి, వీళ్ళు చేత్తో మాత్రం ఇంకో లోకంలో రాస్తారని ఎక్కడా చెప్పలేదు. ఆవిడ రాసింది వాక్యమా, ఎండబెట్టిన సేమ్యానా? ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే గొలుసు, ఒకటే అలలు. పైకి లేచినది ఏదో, కిందికి దిగినది ఏదో, ఒక్క అక్షరం విడిగా నిలబడి పేరు చెప్పుకోదు. కాగితం తిరగేసి చూశాను, దీపానికి అడ్డం పెట్టి చూశాను. ఫోన్‌తో ఫోటో తీస్తే అది చెట్టు కొమ్మ అని చెప్పింది.

సెలూన్‌కి పట్టుకెళ్ళాను. ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. కత్తెర కింద పెట్టాడు. పక్క కుర్చీలో సబ్బు నురగతో ఉన్నవాడికి ఇచ్చాడు. వాడు చదివి నురగ మింగాడు. ఇద్దరూ నా వైపు చూశారు. అర్థం అడిగితే నా భుజం తట్టి, లోపలికెళ్ళి నిమ్మకాయ వేసిన టీ పట్టుకొచ్చాడు. జుట్టు కత్తిరించి డబ్బులొద్దన్నాడు. జాలి పడ్డారు నా మీద! జెర్సీ సిటీలో ఇన్నేళ్ళుగా నేను ఒకరి మీద జాలి పడ్డానే గానీ, నా మీద పడినవాడు లేడు.

నువ్వు చాటుగా అదే సీడీ వింటూ నాకు పాఠాలు అప్పజెప్పించుకున్నావు చూడు, ఆ బుద్ధి మీ నాన్నది. మామయ్య కూడా అంతే, నవ్వకుండా జేబు కొట్టేవాడు.

పెళ్ళికి టికెట్ బుక్ చేశాను. రాగిణి కూడా వస్తుంది. ఆ వాక్యం రాసినావిడని చూడాలట. కానీ వచ్చేలోపు అర్థం చెప్పు. నిద్ర పట్టడం లేదు. మర్యాదగా అడుగుతున్నాను, నా నోట ఆ మాట నువ్వు వినడం ఇదే మొదలు.

నీ బావ


ఫ్రీమాంట్,
జూన్, పెరట్లో పందిరి వేయించిన రోజు

బావకి,

చెప్పను.

గలీనా వారం ముందే వచ్చి మా ఇంట్లోనే దిగింది. పొద్దున తను టీ పెడుతుంది, నేను కూర్చుంటాను. సాయంత్రం నేను గారెలు వేస్తాను, తను కూర్చుంటుంది. కుదిరినంతసేపు నిన్నే తిట్టుకుంటాం, తను తెలుగులో, నేను రష్యన్‌లో. తనకి నాకంటే త్వరగా వస్తోంది. ఒళ్ళు మండుతోంది.

పెళ్ళి భోజనాల్లో నీ కుర్చీ మా ఇద్దరి మధ్య వేయించాను. చెరోవైపు నుంచి వడ్డిస్తాం. మైసూర్ పాకులు గలీనా చేతుల మీదుగానే తయారవుతున్నాయి. వాసన చూడకుండా తినాలి.

దమయంతి